శాంథోమ్‌లో ఆర్చీలు గీసేవాళ్లకు సాన్రెడామ్ పాఠం

చెన్నై శాంథోమ్ చర్చి లోపల బొమ్మలు గీసుకునే మన తెలుగువాళ్లు పీటర్ సాన్రెడామ్‌ని తప్పక చూడాలి. 1597లో అస్సెన్‌డెల్ఫ్ట్‌లో పుట్టి, హార్లెమ్‌లో పనిచేసి, 1665లో పోయిన ఈ డచ్ చిత్రకారుడు గీసినవి ఎక్కువగా చర్చిలే.

ముందు అక్కడే కూర్చుని, తేదీ వేసి స్కెచ్ గీసేవాడు. ఇంటికొచ్చాక కొలతలతో పర్‌స్పెక్టివ్ డ్రాయింగ్ (దూరం పోయేకొద్దీ గీతలు దగ్గరవుతూ లోతు కనిపించే బొమ్మ). ఆ కాగితం వెనక నలుపు పూసి, గీతల మీద ఒత్తి గీస్తూ చెక్క పలక మీదికి దించేవాడు. రంగులు వేసేసరికి ఒక్కోసారి ఏళ్లు పట్టేది.

మీరు గీసేటప్పుడు కంటి ఎత్తు బిందువుని, అంటే మీ కంటికి సూటిగా అదే ఎత్తులో ఎదురుగా ఉన్న చోటుని, మొదటే గుర్తుపెట్టుకోవాలి. మధ్యలో లేచి మరోచోట కూర్చుంటే గీతలు కలిసే బిందువు జరిగిపోతుంది, ఆర్చీలు ఒకదానికొకటి పొసగవు. అందుకే నేల పలకలు లెక్కపెట్టి కూర్చున్న చోటు రాసుకోండి. చూపు మరీ వెడల్పుగా తీసుకుంటే అంచుల్లో స్తంభాలు సాగిపోతాయి.

1636లో సాన్రెడామ్ గీసిన, నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ మేరీ చర్చిని 19వ శతాబ్దంలో కూల్చేశారు. దాని లోపలి అందం మనకి దక్కింది ఆ కాగితాల వల్లే.