కెనడాలో ఇంటర్నెట్ కనెక్షన్ రద్దు చేయించుకున్నాను: నా అనుభవం

బకాయి సున్నా అయిందనీ, బాకీ ఎగ్గొట్టానని నా పేరు మీద పెట్టిన కలెక్షన్ ఎంట్రీ తీసేయమని క్రెడిట్ బ్యూరోలకి (మన సిబిల్ లాంటివి) చెప్పామనీ పాత ఇంటర్నెట్ కంపెనీ నుంచి నిన్న మెయిల్ వచ్చింది. వేడి చల్లారకముందే రాసేస్తున్నాను. ఇంకో నెల ఆగితే నేను కూడా "పోనీలే, అయిపోయిందిగా" అనే బాపతులో చేరిపోతాను. మనవాళ్లలో ఆ బాపతు ఎక్కువ, ఈ కంపెనీలు బతికేదే వాళ్ల మీద.

కంపెనీ పేరు రాయను. మీకు మండుతున్న కంపెనీ పేరేదో పెట్టుకుని చదువుకోండి, సరిపోతుంది.

2024 నవంబర్‌లో మిసిసాగాలో బేస్‌మెంట్ ఖాళీ చేసి మిల్టన్ వచ్చాం. కొత్తింట్లో వేరే ఇంటర్నెట్ పెట్టించాం కాబట్టి పాతది తీయించాలి. ఫోన్ చేస్తే లాయల్టీ డిపార్ట్‌మెంట్ అని ఒకాయనకి ఇచ్చారు. ముందు నెలకి ఇరవై డాలర్లు తగ్గిస్తానన్నాడు. వద్దంటే ముప్పై రోజుల ముందు చెప్పాలన్నాడు. ఆ ముప్పై రోజుల నోటీసు 2015 జనవరి 23తోనే పోయింది, సీఆర్‌టీసీ తీసేసింది. మన ట్రాయ్ లాంటిదే ఇక్కడి సీఆర్‌టీసీ. ఆ పేరెత్తగానే "సరే సార్, ఈరోజు నుంచే" అన్నాడు. తెలిసిందని తెలిస్తే ఇంత త్వరగా ఒప్పుకునేవాడు, తెలియనివాళ్ల దగ్గర ఎంత లాగుతున్నాడో మీరే లెక్కేసుకోండి.

మోడెం వాపసు కూడా తేలికే. వాళ్లు మెయిల్‌లో పంపిన కోడ్ చూపిస్తే షాపర్స్ డ్రగ్ మార్ట్ అనే మందుల షాపులో ఉండే కెనడా పోస్ట్ కౌంటర్లో అమ్మాయి లేబుల్ తీసి అంటించి రసీదు ఇచ్చింది. ఆ రసీదు థర్మల్ కాగితం. వేసవిలో కారు డాష్‌బోర్డు మీద వదిలేస్తే చదవడానికి పనికిరాకుండా పోతుంది. నేను కౌంటర్ దగ్గరే రసీదుని ఫోటో తీశాను, పెట్టె మీద లేబుల్‌ని తీశాను, మూసేముందు మోడెం సీరియల్ నంబర్‌ని కూడా తీశాను. పదేళ్లకి పైగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నవాడిని, స్క్రీన్‌షాట్ లేని బగ్ బగ్గే కాదని మా మేనేజర్ మాట. మా ఆవిడ నవ్వింది, "మోడెంకి కూడా పెళ్లి ఫోటోలా?" అని.

నవంబర్ 15న కెనడా పోస్ట్ సమ్మె మొదలైంది. యాభై ఐదు వేల మందికి పైగా పని ఆపేశారు. మిసిసాగాలో పోస్టులో వేసిన మా మోడెం, మిసిసాగాలోనే ఉన్న గేట్‌వే సార్టింగ్ సెంటర్లో ఆగిపోయింది. కారులో వెళ్లి నేనే తెచ్చుకోవచ్చు, కానీ ఎవరిని అడగాలి?

సమ్మె చేసినవాళ్ల మీద నాకేం కోపం లేదు. కోపం ఉన్నది ఒట్టావాలో కేంద్ర ప్రభుత్వం పద్ధతి మీద. తగువు ముదిరేదాకా చూసీచూడనట్టు కూర్చోవడం, ఆ తర్వాత లేబర్ కోడ్‌లో 107వ సెక్షన్ తీయడం, అంటే మంత్రి జోక్యం చేసుకుని పని మొదలయ్యేలా చేయించడం. 2024 ఆగస్టులో రైళ్లకి అదే, నవంబర్‌లో పోర్టులకి అదే, డిసెంబర్‌లో పోస్టుకి కూడా మంత్రి స్టీవెన్ మెకినన్ అదే తీశారు. డిసెంబర్ 17న పోస్టాఫీసులు తెరుచుకున్నాయి, తగువు మాత్రం తేలలేదు. సమ్మె వార్త ఫేస్‌బుక్‌లో ఎందుకు కనపడలేదని ఇండియా నుంచి కొత్తగా వచ్చినాయన ఒకరు అడిగారు. వార్తలకి పత్రికలకి డబ్బు కట్టాలనే ఆన్‌లైన్ న్యూస్ చట్టం మీద ఫేస్‌బుక్ యజమాని మెటాకి, ప్రభుత్వానికి గొడవై 2023 ఆగస్టు నుంచి కెనడాలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ రెండింట్లోనూ వార్తలు బంద్. మన తెలుగు పేపర్ల పేజీలు కూడా తెరుచుకోవు. పత్రికల్ని బతికించడానికి చట్టం తెచ్చి జనానికి వార్తే అందకుండా చేసుకున్నారు. సరే, అది వేరే ఏడుపు.

జనవరిలో ట్రాకింగ్‌లో "డెలివర్డ్" అని పడింది. అదీ ఫోటో తీసి పెట్టాను. తర్వాతి వారంలోనే "మీ బిల్లు సిద్ధంగా ఉంది" అని మెయిల్.

అసలు బుర్ర తిరిగింది ఇక్కడే. ఏం బిల్లు, ఎంత బిల్లు అన్నది మెయిల్‌లో ఉండదు, లాగిన్ అయి చూడాలి. లాగిన్ అయితే "ఈ అకౌంట్ ఇప్పుడు యాక్టివ్‌గా లేదు" అంటుంది. చాట్‌బాట్‌ని అడిగితే బిల్లు వివరాల కోసం లాగిన్ అవమంటుంది. ఫోన్ చేస్తే మెషీన్ అకౌంట్ నంబర్ అడిగి, అది మూసేసిన నంబర్ కాబట్టి, కొత్త కస్టమర్ అనుకుని నేరుగా సేల్స్‌కి పంపేస్తుంది. సేల్స్ అమ్మాయి ఎంతో ఆప్యాయంగా "మా కుటుంబంలో చేరడానికి ఫోన్ చేశారా?" అంది. కాదమ్మా, బయటికొచ్చేశాను, ఏదో బిల్లు పంపారు, అదేంటో చెప్పమన్నాను. ఆమెకి కనపడదట. బిల్లింగ్‌కి పంపింది. బిల్లింగ్‌లో ఆయన, మీరు ఫలానా మనిషే అని నిర్ధారించుకోవడానికి యాప్‌లోకి కోడ్ పంపుతానన్నాడు. యాప్ తెరుచుకోదు కదా అంటే కాసేపు మౌనం. ఆ తర్వాత చెప్పాడు చూడండి సలహా: "సార్, మీరు ఏదైనా చిన్న ప్లాన్ తీసుకుంటే అకౌంట్ మళ్లీ యాక్టివ్ అవుతుంది, అప్పుడు మీ పాత బిల్లు చూడొచ్చు."

వాళ్లకి బాకీ ఉన్నానా లేదా తెలుసుకోవాలంటే వాళ్ల దగ్గరే మళ్లీ కనెక్షన్ కొనుక్కోవాలి! డబ్బు వసూలు చేసేటప్పుడు నేను కస్టమర్ని, సమాధానం చెప్పేటప్పుడు కాను. ఇది సిస్టమ్ లోపం అని చాలామంది సర్దుకుపోతారు. నేను టెస్టర్ని కాబట్టి చెప్తున్నాను, ఇది లోపం కాదు. ఇంత పకడ్బందీగా అన్ని తలుపులూ ఒకేసారి మూసుకునే లోపం నా సర్వీసులో చూడలేదు.

చాలా ఫోన్ల తర్వాత ఒకరు నోరు విప్పారు. మోడెం తిరిగి రాలేదట, 200 డాలర్లు, పైన 13 శాతం హెచ్‌ఎస్‌టీ (ఇక్కడి అమ్మకం పన్ను), మొత్తం 226. ట్రాకింగ్ చూపిస్తానంటే గోడౌన్‌లో స్కాన్ అవలేదు, ఆగండి అన్నారు. ఆగాను. వాళ్లు ఆగలేదు, కలెక్షన్ ఏజెన్సీకి ఇచ్చేశారు.

ఏజెన్సీవాడు ఆదివారం పొద్దున ఇడ్లీ తింటుండగా ఫోన్ చేశాడు. ఒంటారియోలో ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఐదు వరకే వాళ్లు చేయొచ్చు, వారంలో మూడుసార్లకి మించి వెంటపడకూడదు. ఆ మాట చెప్పి, ఈ కాల్ రికార్డ్ అవుతోందని కూడా చెప్పాను. కెనడాలో మాట్లాడేవాళ్లలో ఒకరికి తెలిస్తే చాలు, రికార్డింగ్ నేరం కాదు. మళ్లీ ఆదివారం చేయలేదు. ఇది గొప్ప కోసమే రాశానని మీరనుకుంటే, అవును, గొప్ప కోసమే.

ఆ గొప్పంతా మార్చిలో దిగిపోయింది.

2024 డిసెంబర్ 15 నుంచి ఇన్సూర్డ్ మార్ట్‌గేజ్‌కి (తక్కువ డౌన్‌పేమెంట్‌తో, ఇన్సూరెన్స్ మీద ఇచ్చే ఇంటి లోన్) ఇంటి ధర పరిమితి పది లక్షల డాలర్ల నుంచి పదిహేను లక్షలకి పెరిగింది, మొదటిసారి కొనేవాళ్లకి ముప్పై ఏళ్ల గడువు కూడా ఇచ్చారు. మార్చిలో బ్యాంక్ ఆఫ్ కెనడా రేటు 2.75కి దింపింది. ఇంక ఆగేదేముంది అని ఇద్దరం ఇంటి లోన్ బ్రోకర్ దగ్గరికి వెళ్లాం. తెలుగాయన, గుళ్లో కనిపిస్తాడు, మా అసోసియేషన్‌లో అందరికీ ఆయనే చేస్తాడు. ఆఫీసు ఆయన ఇంటి ముందు గదే. మా పక్కనే ఇంకో తెలుగు జంట వాళ్ల వంతు కోసం కూర్చుని ఉంది. ఆయన భార్య అందరికీ టీ ఇచ్చింది.

ఆయన క్రెడిట్ రిపోర్టు లాగాడు. కాసేపు స్క్రీన్ మీదికి వంగి చూశాడు. కుర్చీ కొంచెం నా వైపు తిప్పి గొంతు తగ్గించాడు. తగ్గించానని ఆయన అనుకున్నాడు గానీ, ఆ చిన్న గదిలో అది అందరికీ వినపడింది.

"అన్నా, ఏమనుకోవద్దు. ఉద్యోగం ఏమైనా… ఇబ్బందిగా ఉందా?"

లేదే అన్నాను.

"కలెక్షన్ ఉందన్నా మీ మీద. పర్లేదు, కొత్తల్లో అందరికీ అవుతుంది. క్రెడిట్ కార్డు తిప్పుతున్నారేమో, చూసుకోండి. సెటిల్ చేసి ఆరు నెలలాగి రండి, అప్పుడు చూద్దాం."

కొత్తల్లోనట! వచ్చి ఏడేళ్లయింది, ఒక్క బిల్లు ఒక్కరోజు ఆలస్యంగా కట్టి ఎరుగను. "అది మోడెం అండీ, తిరిగిచ్చేశాం" అంది మా ఆవిడ. ఆయన చిన్నపిల్లల అబద్ధం విన్నట్టు "అవునమ్మా, అవునమ్మా" అని తలూపాడు. పక్కన కూర్చున్నాయన గోడ మీద క్యాలెండర్ని శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాడు. నేను ఫోన్ తీసి రసీదు ఫోటో వెతుకుతుంటే చెయ్యి వణికింది. కోపానికే, కానీ చూసేవాళ్లకి తేడా ఏం తెలుస్తుంది? ఫోటో చూపించాను. ఆయన మర్యాదకి చూసి, "బ్యాంకువాళ్లు ఇవి చూడరన్నా" అన్నాడు. టీ సగం వదిలేసి లేచాం. కారెక్కాక సగం దారి మా ఆవిడ ఏం మాట్లాడలేదు. ఆ తర్వాత అన్న మాట: "రెండొందల డాలర్లకి మనల్ని ఎలా చూశారండీ వాళ్లు."

మార్చి 30న ఉగాది వేడుకల్లో పచ్చడి కప్పు అందిస్తూ ఒకావిడ అడిగింది, "ఇల్లు వాయిదా వేసుకున్నారటగా, ఉద్యోగానికేం కాలేదు కదా?" అని. ఎవరు చెప్పారో నేను అడగలేదు. వాట్సాప్ గ్రూపులో విషయం పెడితే పదిమందిలో తొమ్మిదిమంది "226 పడేసి వదిలించుకో బ్రో" అన్నారు. కట్టినా ఆ ఎంట్రీ ఆరేళ్లు రిపోర్టులో కూర్చుంటుందని ఒక్కరికీ తెలియదు. కడితే తప్పు నాదని ఒప్పుకున్నట్టే కదా.

దారి చూపించింది మాల్‌లో ఆ కంపెనీ స్టోర్లో పనిచేసే కుర్రాడు. ఖమ్మం నుంచి చదువుకోడానికి వచ్చాడట. పైకి "ఇక్కడ ఫోన్లే సార్, ఇంటర్నెట్ బిల్లులు చూడం" అన్నాడు. మేనేజర్ పక్కకెళ్లగానే తెలుగులోకి దిగాడు: "అన్నా, మీరెన్ని ఫోన్లు చేసినా దండగ. సీసీటీఎస్‌ల వెయ్యండి. ఆ పేరు పడితే ఫైలు వేరే టేబుల్‌కి పోతది."

సీసీటీఎస్ అంటే కమిషన్ ఫర్ కంప్లైంట్స్ ఫర్ టెలికాం-టెలివిజన్ సర్వీసెస్. 2007 నుంచి ఉంది. ఖర్చు కంపెనీలదే, మనకి పైసా ఖర్చు లేదు. ఫోన్, ఇంటర్నెట్, టీవీ ఫిర్యాదులు తీసుకుంటుంది, ఐదు వేల డాలర్ల వరకు పరిహారం ఇప్పించగలదు. ముందు కంపెనీకి చెప్పి చూశారా అని అడుగుతుంది, అందుకే తేదీలు, మాట్లాడినవాళ్ల పేర్లు, రిఫరెన్స్ నంబర్లు రాసుకోండి. ఫిర్యాదు అంగీకరించాక కంపెనీకి ముప్పై రోజులు గడువు. ఫారంలో కోపం రాయొద్దు, "ఏం కావాలి" అన్న చోట మాత్రం పూర్తిగా రాయండి. నేను రాసింది: బిల్లు రద్దు, కలెక్షన్ వెనక్కి తీసుకోవడం, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ రెండింట్లో ఎంట్రీ తొలగించడం, ఇవన్నీ కాగితం మీద. రెండో బ్యూరో పేరు రాయకపోతే ఒక దాంట్లోనే తీసి చేతులు దులుపుకుంటారు.

ఏప్రిల్‌లో ఇది వేశాను. అప్పుడే ఎన్నికలు. ఒక పార్టీ వాలంటీర్ తలుపు కొట్టి ట్రంప్ టారిఫ్‌లకి ఎదురు నిలబడాలంటే ప్రధాని మార్క్ కార్నీయే సరైనవాడన్నాడు. ఇంకో పార్టీవాడు వచ్చి కార్బన్ ట్యాక్స్ అన్నాడు, జనం మీద పడేది ఏప్రిల్ 1 నుంచే సున్నా అయిందని తెలియనట్టు. ఇద్దరినీ ఒకటే అడిగాను: బెల్, రోజర్స్, టెలస్ మూడు టెలికాం కంపెనీలే రాజ్యమేలుతుంటే, 2023లో షా అనే ఇంకో కంపెనీని రోజర్స్ కొనుక్కోడానికి ఒప్పుకుని, పోటీ పెంచుతున్నామని ఎలా చెప్పారు? అంతకుముందు ఏడాదే, 2022 జులై 8న, రోజర్స్ నెట్‌వర్క్ పడిపోతే దేశమంతా డెబిట్ కార్డులు ఆగిపోయాయి, 911కి ఫోన్ కలవలేదు. అయినా అమ్మకానికి ఒప్పుకున్నారు. షా చేతిలోని సెల్ కంపెనీ ఫ్రీడమ్ మొబైల్‌ని వీడియోట్రాన్ అనే పోటీ కంపెనీకి అమ్మించాం కదా అని మొదటివాడు అన్నాడు. అది నిజమే, సెల్ ప్లాన్ల ధరలు కొంత దిగాయి కూడా. ఇంటి ఇంటర్నెట్ సంగతో? చిన్న కంపెనీలు ఈబాక్స్, డిస్ట్రిబ్యూటెల్ రెండూ 2022లోనే బెల్ చేతిలోకి పోయాయి. రెండోవాడు ఫోన్లో ఏదో నొక్కుతుంటే నా మాట రాసుకుంటున్నాడనుకున్నాను. "అన్‌డిసైడెడ్" అని పెట్టుకున్నాడు.

ఓటు ఎవరికేశానో చెప్పను. ఏప్రిల్ 28న లైన్లో నిలబడి వేశాను, అంతే.

సీసీటీఎస్‌లో వేసిన కొద్దిరోజులకే కంపెనీ నుంచి ఫోన్. ఈసారి యాప్ కోడ్ అడగలేదు, పాత అకౌంట్ తెరుచుకోదన్న మాటే లేదు. నెలల తరబడి ఎవరికీ కనపడని ఫైలు ఆమె ముందు తెరిచే ఉంది. మోడెం జనవరిలోనే చేరిందట, సీరియల్ నంబర్ కూడా తనే చదివింది. 50 డాలర్ల క్రెడిట్ ఇస్తాను, కేసు మూసేద్దామా అంది. క్రెడిట్ అంటే వాళ్ల దగ్గర మళ్లీ కనెక్షన్ తీసుకుంటే వాడుకునేది. వద్దు, నేను రాసినవన్నీ కాగితం మీద వస్తే మూస్తానన్నాను. చెక్కు ఇస్తామని రెండోసారి ఫోన్ చేశారు, 150కి ఒప్పుకున్నాను. ఇంకా లాగొచ్చని కొందరన్నారు గానీ నాకు కాగితం ముఖ్యం.

ఈ పొద్దున చూస్తే ఈక్విఫాక్స్‌లో ఎంట్రీ పోయింది. ట్రాన్స్‌యూనియన్‌లో ఇంకా ఉంది, నిన్నటి ఉత్తరం జతచేసి డిస్ప్యూట్ వేశాను. అది కూడా పోగానే ఇంటి పని మొదలుపెడతాం. ఈసారి బ్రోకర్ పంజాబీ ఆయన, బ్రాంప్టన్‌లో ఉంటాడు. మా ఉగాదికి రాడు.