బోవీలో చూసిన క్యాచర్
2021 వేసవి. మా అభిమాన అమెరికా బేస్‌బాల్ జట్టు బాల్టిమోర్ ఓరియోల్స్ ఆ సీజన్‌లో 110 మ్యాచ్‌లు ఓడింది. అప్పుడే నేను, మా బావ బోవీ ఊరెళ్లి, ఓరియోల్స్ కుర్రాళ్లు తయారయ్యే కింది స్థాయి పోటీ, అంటే మైనర్ లీగ్ మ్యాచ్ చూశాం. "మచాడో లాంటి స్టార్ ఆటగాణ్ని వేరే జట్టుకి ఇచ్చేసి ఈ పిల్లలకోసం ఎన్నేళ్లు ఆగాలిరా?" అని బావ ఒకటే గొడవ. నేను మాత్రం క్యాచర్ ఆడ్లీ రచ్‌మన్‌నే చూస్తున్నా. మాస్క్ పైకెత్తి, గ్లవ్ నోటికి అడ్డం పెట్టుకుని బంతి విసిరే పిచర్‌కి ఓపిగ్గా ఏదో చెబుతున్నాడు. "ఆగుదాం బావా" అన్నాను.

2023లో ఓరియోల్స్‌కి 101 గెలుపులు! సీజన్ చివరి నాకౌట్ పోటీల్లో (ప్లేఆఫ్స్) టెక్సస్ జట్టు చేతిలో 3-0తో పోయినప్పుడు ఇద్దరికీ అన్నం సయించలేదు.

తర్వాత పిచర్ కార్బిన్ బర్న్స్ కోసం ఓరియోల్స్ వాళ్లు ఇద్దరు కుర్రాళ్లను వేరే జట్టుకి ఇచ్చేశారు. బర్న్స్ ఒక్క సీజనే ఉన్నాడు. ఆ ఇద్దరిలో జోయీ ఒర్టిజ్‌ని వదులుకోవడం మాత్రం నాకింకా బాధే. బావ ఒప్పుకోడు, నిన్న రాత్రి కూడా గంటసేపు వాదించాడు.