ఇన్‌హేలర్ వెనక కిటికీలో 38: పిల్లలకు చిప్ కార్డులు వచ్చేదాకా నా అనుభవం

మా చిన్నవాడికి నాలుగేళ్లు, ఉబ్బసం. ఇన్‌హేలర్ వెనక ఉండే బుల్లి కిటికీలో ఆ రోజు 38 కనిపించింది. డాలస్‌లో చలిగాలి మొదలైతే వాడికి రోజుకు నాలుగు పఫ్‌లు కావాలి. ఆ లెక్కన పది రోజులకు కూడా సరిపోదు. అప్పటికి మా ఆయన ఉద్యోగం పోయి నెల అయింది, దానితోపాటే ఇంటిల్లిపాదికీ బీమా పోయింది. పాత బీమానే కోబ్రా (ఉద్యోగం పోయాక ఖర్చు మనమే భరించి పాత బీమా కొనసాగించుకోనిచ్చే చట్టం) కింద కొనసాగించాలంటే నెలకు 2,100 డాలర్లు. పళ్ల డాక్టరు దగ్గర లెక్కలు చూసే నా జీతం 3,900. నిరుద్యోగ భృతి అడిగేది లేదని మా ఆయన భీష్మించుకున్నారు.

ఇది 2023 నవంబరు నాటి మాట. చిప్ గురించి మా ఆఫీసులో ఒకావిడ చెప్పింది. మెడికెయిడ్‌కు (పేదలకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా) అర్హత దాటిపోయి, ప్రైవేటు బీమా కొనే స్తోమత లేని ఇళ్లలోని పిల్లల కోసం 1997లో తెచ్చిన ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం. నలుగురున్న ఇంటికి ఆ ఏడాది పేదరిక రేఖ 30,000 డాలర్లు. టెక్సాస్‌లో దానికి దాదాపు రెట్టింపు ఆదాయం వరకు చిప్ వర్తిస్తుంది. ఏడాది రుసుము కుటుంబం మొత్తానికి 50 డాలర్లు దాటదు.

మన వాళ్లను అడిగితే అందరిదీ ఒకటే పాట: "గ్రీన్‌కార్డు పెండింగులో ఉండగా ప్రభుత్వ సాయం ముట్టుకోవద్దు, పబ్లిక్ చార్జ్ అని, అంటే ప్రభుత్వానికి భారమవుతారని, తిప్పి పంపుతారు." రెండు రాత్రులు నిద్ర లేదు. మూడో రాత్రి ఆ పబ్లిక్ చార్జ్ నిబంధన తెరిచి నేనే చదివాను. 2022 డిసెంబరు 23న అమల్లోకి వచ్చిన నిబంధనలో చిప్‌ను లెక్కలోకి తీసుకోరని స్పష్టంగా ఉంది. పైగా మా పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టిన పౌరులు, వాళ్లు పొందే సాయాన్ని మా ఖాతాలో వేయరు. అందరూ అంతగా భయపడిన 2019 నిబంధనలో కూడా చిప్ లేదు. మమ్మల్ని భయపెట్టిన వాళ్లలో ఒక్కరైనా దాన్ని చదివి ఉంటే కదా! (నిబంధనలు మారుతుంటాయి. మీరు దరఖాస్తు చేసేనాటికి ఏది అమల్లో ఉందో చూసుకోండి.)

భయం తీరాక నామోషీ మిగిలింది. గుంటూరు నుంచి అమ్మ ఫోనులో అంతా విని, "ఆరోగ్యశ్రీ లాంటిదే కదే? మీ నాన్న గుండె ఆపరేషన్ దానిమీదే అయింది. అప్పుడు లేని నామోషీ ఇప్పుడెందుకు?" అంది. ఆ రాత్రే దరఖాస్తు నింపాను.

మెడికెయిడ్‌కూ చిప్‌కూ దరఖాస్తు ఒకటే, పిల్లలు దేని కిందికి వస్తారో వాళ్లే తేలుస్తారు. నేను రెండుచోట్ల ఆగిపోయాను. ఆదాయం అన్నచోట మా ఆయన నిరుటి జీతం వేయబోయాను. అక్కడ అడిగేది ఈ నెల ఇంటికి వస్తున్నది ఎంత అని. రెండోది తొంభై రోజుల నిరీక్షణ. ఉన్న బీమా వదులుకుని వచ్చే పిల్లలకు అప్పట్లో ఆ గడువు పెట్టేవారు, ఉద్యోగం పోవడం వల్ల బీమా పోయిందంటే మినహాయించేవారు. అందుకు బీమా ఏ తేదీన ముగిసిందో తెలిపే ఉత్తరం కావాల్సి వచ్చింది. ఇలాంటి సాయాల వివరాలు చెప్పే 211 నంబరుకు ఫోన్ చేస్తే ఒకావిడ ఈ సంగతి ఓపిగ్గా విడమరిచి చెప్పింది. ఆ ఉత్తరం పాత కంపెనీ నుంచి రాబట్టడానికి పన్నెండు రోజులు పట్టింది. ఈలోగా నేను ఫోనుతో తీసి పంపిన పే స్టబ్ (జీతం చీటీ) మసకగా ఉందని తిప్పి పంపారు. లైబ్రరీకి వెళ్లి స్కాన్ చేసి మళ్లీ పెట్టాను.

38 కాస్తా 21 అయింది, తరువాత 6. ఇక లాభం లేదని డబ్బు పెట్టి ఒక ఇన్‌హేలర్ కొన్నాం. ఆ వారం పిల్లలకు తప్ప ఇంట్లో ఎవరికీ పాలు లేవు.

జనవరిలో తపాలాలో రెండు కార్డులు వచ్చాయి. పెద్దమ్మాయి తన పేరు సరిగ్గా పడిందో లేదో అక్షరం అక్షరం చూసుకుంది, చిన్నవాడు తన కార్డును బొమ్మ బస్సుకు టికెట్టు చేశాడు.

మార్చిలో మా ఆయనకు ఉద్యోగం దొరికింది. కొత్త బీమా మొదలవగానే ఆ సంగతి తెలియజేశాం. కార్డులు మాత్రం పారేయలేదు, పాస్‌పోర్టులున్న సొరుగులోనే ఉన్నాయి.