ఎండాకాలంలో ఉన్ని కుట్టుడు

మే నెల మధ్యాహ్నం, మల్కాజిగిరి, బయట 42 డిగ్రీలు, కూలర్‌లో నీళ్లయిపోయి ఉత్త గాలి కొడుతోంది, నేనేమో ఒళ్లో ఉన్ని బట్ట వేసుకుని మిషన్ తొక్కుతున్నా. అమ్మ గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది. "గిదేం పిచ్చే నీకు, ఒంటి మీద చీర నిలుస్తలేదని జనం ఏడుస్తుంటే నువ్వు కోటు కుడుతున్నవ్" అని లోపలికి పోయింది. తప్పులేదు, నన్ను నేను చూసుకున్నా అలాగే అనిపించింది.

కోటు నాకు కాదు. మా అక్క వాళ్లు ఒహాయోలో ఒక చిన్న ఊళ్లో ఉంటారు, చుట్టూ మొక్కజొన్న, సోయాబీన్ చేలు, ఇండియన్ స్టోర్‌కి పోవాలంటే గంటన్నర కారులో పోవాలి. అక్క కూతురికి పదకొండేళ్లు, క్లాసులో పిల్లలందరూ చేరారని అది కూడా ఫోర్ హెచ్‌లో చేరింది. నాలుగాకుల క్లోవర్ బొమ్మ ఉంటుంది చూడండి, ఆ క్లబ్. 1902లో అదే ఒహాయోలో, క్లార్క్ కౌంటీలో ఒక స్కూల్ సూపరింటెండెంట్ పల్లె పిల్లల కోసం పెట్టిన క్లబ్బే దీనికి మొదలు. పిల్లలు ఏడాదంతా ఒక కోడినో, కుందేలునో, గొర్రెనో, దూడనో పెంచి ఎండాకాలం చివర్లో కౌంటీ ఫెయిర్‌కి తోలుకుపోయి రింగులో చూపిస్తారు. మా పిల్ల గొర్రెని ఎంచుకుంది. సౌత్‌డౌన్ అనే జాతి, పొట్టిగా, తెల్లగా, గుండ్రంగా ఉంటుంది, అందుకని దాని తమ్ముడు, ఆరేళ్ల వెధవ, ముద్దపప్పు అని పేరు పెట్టాడు. పక్క రైతు దొడ్లో ఉంచి రోజూ పొద్దున పోయి మేత వేసి వస్తారట.

ఆ ఫెయిర్‌లో వుల్ లీడ్ అని ఒక పోటీ ఉంది. పిల్లలు ఉన్ని బట్టలు వేసుకుని, గొర్రెకి హాల్టర్, అంటే తలకి కట్టే తాడు, వేసి పట్టుకుని, రింగులో నడవాలి. జడ్జి డ్రెస్సు చూస్తుంది, గొర్రె శుభ్రంగా ఉందా, బాగా పెంచారా చూస్తుంది, పిల్ల దాన్ని ఎంత నిబ్బరంగా నడిపిస్తోందో చూస్తుంది. నడుస్తున్నంతసేపు మైకులో ఒకాయన ఈ డ్రెస్సు ఎవరు కుట్టారు, ఏ ఉన్ని అని కార్డు చూసి చదువుతాడు. అక్కడ ఉన్ని కుట్టు అంటే చాలా గౌరవం, మేక్ ఇట్ విత్ వుల్ అని దేశమంతా జరిగే పోటీ 1947 నుంచి నడుస్తోంది, దాంట్లో బట్టలో కనీసం 60 శాతం ఉన్ని ఉండాలి, 12 ఏళ్లు, అంతకన్నా చిన్న పిల్లలకి కూడా వేరే విభాగం ఉంది. ఇదంతా అక్క ఫోన్లో చెప్పి, "ఇక్కడ వుల్ గజం రేటు చూస్తే కళ్లు తిరుగుతున్నయే, నీ దగ్గర పాతవేమైనా ఉంటే చూడు" అంది. జులైలో వదిన వెళ్తోంది కాబట్టి సూట్‌కేసులో పంపొచ్చు.

సరే అని ఇనప పెట్టె తెరిచా. మన ఇళ్లల్లో ఉన్ని బట్టలు డిసెంబర్‌లో పది రోజులు బయటికొస్తాయి, మిగతా ఏడాదంతా నాఫ్తలీన్ గోళీల మధ్య పడుంటాయి. బావ రిసెప్షన్ సూటు, అక్క వాళ్లు ఫ్లైటెక్కే ముందు మా దగ్గరే పడేసి పోయారు. నాన్న స్వెటర్లు నాలుగు. అమ్మ ఎప్పుడో నుమాయిష్‌లో కాశ్మీర్ స్టాల్లో కొనుక్కున్న శాలువా, చిల్లులు పడింది. నేను ఒక షాపులో ప్యూర్ వుల్ అని రెండు వేలు పోసి కొన్న శాలువా. అన్నిటికన్నా అడుగున, పాత దుప్పటిలో చుట్టి, తాత గొంగడి.

ముందు ఏది ఉన్నో ఏది కాదో తేలాలి, లేబుల్‌ని నమ్మితే అయిపోయినట్టే. ప్రతి దాంట్లోంచి నాలుగు పోగులు లాగి, పటకారుతో పట్టుకుని, స్టీలు ప్లేటు మీద కొవ్వొత్తి పెట్టి ఒక్కోటి కాల్చా. నిజం ఉన్ని అయితే మంటకి దగ్గరగా పెట్టగానే ముడుచుకుంటుంది, మంట తీసేస్తే తనంతట తనే ఆరిపోతుంది, జుట్టు కాలిన వాసన వస్తుంది, వేళ్ల మధ్య నలిపితే బూడిద పొడి పొడి అవుతుంది. అక్రిలిక్ అయితే భగ్గుమని అంటుకుని కారుతుంది, చల్లారాక గట్టి పూసలా అవుతుంది, గోరుతో నొక్కినా నలగదు. నాన్న స్వెటర్లలో మూడు పూసలయ్యాయి. నా రెండు వేల శాలువా బొట్లు బొట్లుగా ప్లేటు మీద కారింది, అమ్మ పక్కనే ఉండి చూసి ఒక్క మాట అనలేదు, అంటేనే బాగుండేది. సూటు, నాలుగో స్వెటరు, నుమాయిష్ శాలువా, ఈ మూడూ పాసయ్యాయి. గొంగడికి టెస్టు అక్కర్లేదు, ముక్కుకి దగ్గర పెడితే చాలు.

సూటుతో స్కర్టు, పొట్టి జాకెట్టు కుడదామని మొత్తం కుట్లు విప్పా. రెండు రోజులు పట్టింది, బ్లేడుతో ఒక్కో టాకా తెంపుతూ. ప్యాంటు మోకాళ్ల దగ్గర, కోటు మోచేతుల దగ్గర బట్ట మెరుపెక్కి ఉంది, భుజాల మీద రంగు వెలిసింది. విప్పి లోపలి వైపు చూస్తే కొత్త బట్టలా ఉంది! వెనకటి దర్జీలు కోటు తిరగేసి కుట్టేవాళ్లని విన్నా గానీ చేతికి తగిలితే గానీ అర్థం కాలేదు. లోపలి వైపు బయటికి పెట్టి మళ్లీ కట్ చేశా. ఒక్కటే గొడవ, ఎడమ ఛాతీ జేబు ఇప్పుడు కుడివైపుకి వచ్చింది, దాని కోత కనపడకుండా నుమాయిష్ శాలువాలో మంచిగా ఉన్న ముక్క నుంచి ఒక పువ్వు తీసి అతికించా. అది కావాలని పెట్టిన డిజైన్ అనుకుంటారు చూసేవాళ్లు, అనుకోనీ.

ఇస్త్రీ మాత్రం బండి దగ్గర ఇవ్వకండి. ఒక ముక్క ఇచ్చి చూశా, బొగ్గుల ఇస్త్రీ పెట్టె నేరుగా పెట్టి తోసేశాడు, కొత్త వైపు కూడా మెరుపెక్కింది. ఉన్నికి తడిగుడ్డ పైన వేసి, పెట్టెని తోయకుండా ఎత్తి ఎత్తి అద్దాలి, ఆవిరి పోయేదాకా బట్టని కదపకూడదు.

చిన్నోడికి స్వెటరుతో వెయిస్ట్‌కోటు. అల్లిన స్వెటరుని అలాగే కత్తిరిస్తే కుట్లు జారి దారమంతా ఊడొస్తుంది, అందుకే ముందు వేడి నీళ్లలో సబ్బేసి బాగా తిప్పి దాన్ని ముద్ద చేయాలి. ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి, వేడికి, రాపిడికి అవి ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని బట్ట చిక్కబడుతుంది, అప్పుడు ఎక్కడ కోసినా పోగు రాదు, ఓవర్‌లాక్ కూడా అక్కర్లేదు. నేను గీజరు నీళ్లు బకెట్లతో మిషన్లో పోసి, పాత జీన్స్ ఒకటి తోడు వేసి తిప్పా. మధ్యలో తీసి చూడాలని తెలుసు, సరిగ్గా అప్పుడే గ్యాస్ అతను వచ్చాడు, సిలిండర్, ఓటీపీ, చిల్లర, వాడిని పంపి వచ్చేసరికి మా నాన్న 42 సైజు స్వెటరు ఆరేళ్ల పిల్లాడికే సరిపోయేంత అయింది. వెయిస్ట్‌కోటు చాలు కాబట్టి బతికిపోయా, చేతులుండే కోటు అయ్యుంటే గోవిందా. ఇది కుట్టేటప్పుడు అంచు అప్పడంలా అలలు అలలుగా లేస్తుంది, కింద పేపరు ముక్క పెట్టి కుట్టి తర్వాత చింపేస్తే సాఫుగా వస్తుంది. జనరల్ బజార్‌లో చెక్క గుండీలు దొరికాయి, సూదులు కూడా 18 నంబరువి అక్కడే తెచ్చా.

ఇంక గొంగడి. పది రోజులు దాన్ని చాప మీద పరిచి చూడటం, మళ్లీ మడత పెట్టడం, ఎక్కడ వేసిన గొంగడి అక్కడే అంటారు కదా, నిజంగానే అక్కడే. అది మా అమ్మ వాళ్ల నాన్నది. సిద్దిపేట వైపు ఊరు, కురుమలు, నల్ల దక్కనీ గొర్రెలు ఉండేవి. మగవాళ్లు కత్తెరతో ఉన్ని కత్తిరిస్తే ఆడవాళ్లు వడికేవాళ్లు, మగ్గం మీద పోగులకి చింతగింజల గంజి పట్టించేవాళ్లు, అందుకే కొత్త గొంగడి అట్టలా నిలబడుతుంది. వాన, చలి, పడక, పంచాయతీలో కూచోడానికి, అన్నిటికీ అదే. ఇప్పుడు ఎక్కువ మాంసం వస్తుందని నెల్లూరు గొర్రెలు పెంచుతున్నారు, వాటికి ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకే, ఇంక గొంగడి ఎక్కడ్నుంచి వస్తుంది. ఇవన్నీ తలుచుకుంటే నాకు కత్తెర పెట్టబుద్ధి కాలేదు. ఒక మూల ఎలుక కొరికింది కూడా, అయినా సరే.

అమ్మకి చెప్తే విసుక్కుంది. "కోస్తే ఏమైతది? ఎలకలు మొత్తం తినేదాక చూస్తవా? మా నాయన గొంగడికి దండం పెట్టలే, వాన పడితే కప్పుకున్నడు." కత్తెర ఇవ్వబోతే మాత్రం ఆగమంది. గొంగడిని సగానికి మడిచి, ఒక అంచుని లోపలికి తిప్పి, ఇంకో మూలని ఎక్కడో దూర్చి నా నెత్తి మీద వేసింది. కొప్పెర! టోపీతో సహా మొత్తం రెయిన్‌కోటు, ఒక్క కోత లేదు, ఒక్క కుట్టు లేదు. నేను ముప్ఫై ఏళ్లుగా కుడుతున్నా, నాకు ఇది తెలియదు. మూడుసార్లు విప్పించి, మడిపించి, వీడియో తీసుకున్నా.

కానీ తూకం వేస్తే రెండున్నర కిలోలు, ఆగస్టులో పదకొండేళ్ల పిల్ల మీద అంత బరువు వేస్తే అది నడవదు. అందుకని సగానికి కోశాం, ఎలుక కొరికిన మూల ఉన్న సగం మేం ఉంచుకున్నాం. మిగతా సగాన్ని చిన్న కొప్పెరగా మడిచి, మడత జారకుండా అక్కడక్కడా టాకా. మిషన్ సూది రెండు విరిగాయి, ఇంక దబ్బనం తీసుకుని చేత్తోనే. గొంగడి ఒంటికి గుచ్చుకుంటుంది కాబట్టి మెడకి, నుదుటికి తగిలే చోట అమ్మ పాత మల్‌మల్ చీర లైనింగ్ వేశా. పాలిస్టర్ సాటిన్ వేస్తే మెరుస్తుంది గానీ ఊపిరాడదు. ఎండలో ఉన్ని ఏంటి అని మీరూ అడుగుతారు, ఉన్ని తన బరువులో 30 శాతం దాకా చెమ్మ పీల్చుకున్నా తడిగా అనిపించదు, ఎండలో గొర్రెలు కాసేవాళ్లు ఊరికే వేసుకోలేదు.

నాఫ్తలీన్ వాసన పోవాలని వారం రోజులు నీడలో ఆరేశా. పోయింది. తర్వాత వదిన దాన్ని సూట్‌కేసులో ఆవకాయ డబ్బాల చుట్టూ మెత్తగా ఉంటుందని చుట్టి పెట్టింది. ఏం అనగలను, ఆమె ఇరవై మూడు కిలోల లెక్క ఆమెది. డబ్బా కారలేదు గానీ వాసన మాత్రం అమెరికా దాకా పోయింది.

పోటీ రోజు అక్క వీడియో కాల్ చేసింది, మనకి తెల్లవారుజాము. షెడ్డులో పెద్ద ఫ్యాన్లు తిరుగుతున్నాయి. రింగు బయట గొర్రెలన్నిటికీ కడిగాక మురికి కాకుండా సాగే గుడ్డతో టైట్ డ్రెస్సులు వేసి పెట్టారు, జిమ్ముకి వచ్చినట్టున్నాయి. మా పిల్ల కొప్పెర వేసుకుని వచ్చింది, పక్కన చిన్నోడు వెయిస్ట్‌కోటుతో, వాడికి మైకంటే భయం, వాళ్లక్క స్కర్టు వదల్లేదు. మైకాయన కార్డు చదువుతూ గొంగడి దగ్గర ఆగి "గాంగ్ డాడీ" అన్నాడు. జడ్జి దగ్గరికి వచ్చి కొప్పెర అంచు తిరగేసి లోపల కుట్లు చూసింది, ఏ ప్యాటర్న్ వాడారు అని అడిగిందట, మా పిల్ల "అమ్మమ్మ మడిచింది" అని ఇంగ్లీషులో చెప్పింది. అప్పుడే ముద్దపప్పు మెడ తిప్పి గొంగడి మూలని నోట్లోకి తీసుకుని నమలడం మొదలుపెట్టింది, ఆవకాయ వాసనకో మరి తన జాతి వాసనకో తెలియదు. పిల్ల కంగారు పడకుండా మెల్లగా దవడ పట్టి లాగేసింది. మూడో ప్లేసు, తెల్ల రిబ్బన్ ఇచ్చారు.

నేను రిబ్బన్ చూసి ఏడుస్తున్నా. అమ్మ ఫోన్ లాక్కుని, కళ్లద్దాలు పెట్టుకుని, గొర్రెని నిదానంగా చూసింది.

"కాళ్లు మంచిగున్నయ్. పొట్ట ఎక్కువైంది, దాణా తగ్గియ్యమను."