చెన్నైలో నా మొదటి గవర్నమెంట్ పని: గ్యారంటీ, ఇన్సూరెన్స్ దగ్గర పడ్డ పాట్లు

పన్నెండేళ్ళు వేరేవాళ్ళ కింద సబ్ కాంట్రాక్ట్ చేశాక, పోయినేడు నా సొంత ఫర్మ్ పేరు మీద మొదటి టెండరు తగిలింది. వేళచ్చేరి వైపు వాననీళ్ళ కాలువ, 82 లక్షల పని. లెటర్ వచ్చిన రోజు సూళ్ళూరుపేటలో మా అమ్మ గుళ్ళో కొబ్బరికాయ కూడా కొట్టింది. ఆ లెటర్లోనే ఉంది, 15 రోజుల్లో 5 శాతం పర్ఫార్మెన్స్ సెక్యూరిటీ (పని సరిగ్గా చేస్తామనడానికి పెట్టే హామీ), ఇన్సూరెన్స్ పాలసీలు ఇచ్చి అగ్రిమెంట్ మీద సంతకం పెట్టాలి, లేదంటే ఈఎండీ, అంటే టెండరుతో పాటు కట్టిన డిపాజిట్, పోయినట్టే.

5 శాతమంటే 4,10,000. దానికి బ్యాంక్ గ్యారంటీ, అంటే మనం తప్పితే ఆ డబ్బు తాను కడతానని బ్యాంకు రాసిచ్చే కాగితం, కమీషన్ కడితే ఇచ్చేస్తారనుకున్నా, కానీ నాది కొత్త అకౌంటు కదా, ఆ డబ్బు మొత్తం ఎఫ్‌డీ పెట్టమన్నారు. పని 9 నెలలు, డిఫెక్ట్ లయబిలిటీ (పనయ్యాక లోపాలొస్తే మనమే బాగుచేయాల్సిన గడువు) ఏడాది, ఆపైన క్లెయిమ్ పీరియడ్ (గ్యారంటీ డబ్బు అడగడానికి ఉండే గడువు) ఇంకో ఏడాది, అంటే 33 నెలలు ఆ డబ్బు ముట్టుకోడానికి లేదు. టెండరు రేటు వేసేటప్పుడు ఈ లెక్క నేను వేసుకోలేదు, మీరు తప్పకుండా వేసుకోండి. పైగా బ్యాంకు వాళ్ళు వాళ్ళ ఫార్మాట్‌లో టైప్ చేసిచ్చారు, అందులో నష్టం రుజువైతేనే కడతాం అన్న లైను ఉందని డిపార్ట్‌మెంట్ వెనక్కి పంపింది, వాళ్ళకి అడిగిన వెంటనే మారుమాట్లేకుండా కట్టేట్టు ఉండాలి. నాలుగు రోజులు అక్కడే పోయాయి.

2022 ఏప్రిల్ 1 నుంచి ఇన్సూరెన్స్ రెగ్యులేటర్ ఐఆర్‌డీఏఐ రూల్స్ ప్రకారం ఇన్సూరెన్స్ కంపెనీలు కూడా బ్యాంక్ గ్యారంటీ లాంటి ష్యూరిటీ బాండ్ ఇవ్వొచ్చు కదా అని డిపార్ట్‌మెంట్‌ని అడిగా, కుదరదన్నారు. మా టెండర్లో బ్యాంక్ గ్యారంటీ, డిపాజిట్ అని మాత్రమే రాసుంది, ఇలాంటివి టెండరు వేసేముందు పెట్టే ప్రీ-బిడ్ మీటింగులోనే అడగాలంట.

ఇక ఇన్సూరెన్స్. ముందు కూలీల పాలసీ. ఏజెంట్ మనవాడే, నెల్లూరు. "అన్నా, 22 మంది కూలీలని ఎందుకు, 8 మందని రాద్దాం, ప్రీమియం తగ్గుద్ది, ఎవరొచ్చి లెక్కపెడతారు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. 2014 జూన్ 28న ఇదే ఊళ్ళో మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల బిల్డింగ్ కూలి 61 మంది పోయారు, వాళ్ళలో శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చినోళ్ళు ఎంతమందో. నా సైట్‌లో పని చేసేదీ ఆ ఊళ్ళ వాళ్ళే. అప్పటికి ఉన్న 1923 నాటి కూలీల నష్టపరిహార చట్టం ప్రకారం మేస్త్రీ తెచ్చిన కూలీకి ఏమన్నా అయినా అడిగేది నన్నే, అది పక్కన పెట్టినా పిల్లోడి ప్రాణం పోతే వాళ్ళమ్మకి నేనేం చెప్తాను? 22 మందికీ అసలు కూలి రేటుతోనే రాయించా, మేస్త్రీ మనుషులకి కూడా వర్తిస్తుందని పాలసీలో పెట్టించా, ఆస్పత్రి ఖర్చు విడిగా అడిగి కలిపించుకోవాల్సొచ్చింది.

తర్వాత సీఏఆర్, అంటే కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీ, కట్టే పనికి నష్టమొస్తే ఆదుకునేది. అది రెండుసార్లు తిరిగొచ్చింది. మొదటిసారి నా ఫర్మ్ పేరొక్కటే ఉందని, డిపార్ట్‌మెంట్‌తో కలిపి జాయింట్ పేర్లు కావాలని. రెండోసారి డేట్లు పని ముగిసే రోజుతోనే ఆగిపోయాయని, డిఫెక్ట్ లయబిలిటీ ఏడాదికి మెయింటెనెన్స్ కవర్ లేదని. ఆ రాత్రి కూర్చుని పాలసీ మొత్తం చదివితే ఇంకోటి దొరికింది, ఇది ఆఫీసులో ఎవరూ అడగలేదు. థర్డ్ పార్టీ కవర్ (మన పని వల్ల బయటివాళ్ళకి నష్టమైతే కట్టేది) ఉంది గానీ, తవ్వకం వల్ల అదిరో, పునాది కింద మట్టి జారో పక్కింటికి నష్టమైతే వర్తించదని మినహాయింపు. మా కాలువ పోయేదే పాత కాంపౌండ్ గోడల పక్కన, ఆరడుగుల లోతు! కొంచెం ఎక్స్‌ట్రా ప్రీమియం కట్టి ఆ నష్టానికీ వర్తించేట్టు పాలసీకి ఎండార్స్‌మెంట్ (అదనపు షరతు) వేయించా, తవ్వేముందు ప్రతి గోడకీ డేటుతో ఫోటోలు తీయించా, పగుళ్ళు ముందే ఉన్నవేవో తెలియాలి కదా.

పద్నాలుగో రోజు సాయంత్రం అగ్రిమెంట్ అయింది. నవంబర్ వానలకి పని ఆగి రెండు నెలలు టైమ్ పొడిగిస్తే గ్యారంటీ, సీఏఆర్, కూలీల పాలసీ మూడూ గడువు దాటకముందే పొడిగించాల్సొచ్చింది. ఈసారి ఆ డేట్లు గోడ మీద క్యాలెండర్లో ఎర్ర పెన్నుతో రాసుకున్నా, నెల ముందే బ్యాంకుకి వెళ్ళా.