నల్లబల్ల మీది తేదీలు

ఉపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో పాఠాలతో పాటు నాకొక చిన్న బాధ్యత ఉండేది. ఉదయం ప్రార్థన గంట కొట్టేలోపు వరండాలోని నల్లబల్ల మీద ఆనాటి తేదీ, ఒక సూక్తి, దాని కింద ‘నేటి విశేషం’ రాయాలి. ప్రార్థన ముగిశాక ఆ విశేషాన్ని రెండు మూడు నిమిషాల్లో పిల్లలకు వివరించాలి. మా పాఠశాల కోనసీమలో, సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఉండేది. రైతుల పిల్లలు, కొబ్బరి దింపు కార్మికుల పిల్లలు, మత్స్యకారుల పిల్లలు ఒకే వరుసలో నిలబడేవారు. సాంఘిక శాస్త్రం చెప్పేవాణ్ణి కాబట్టి ఆ పని నాకు అప్పగించారు. నేను దాన్ని ఎంతో ఇష్టంగా చేశాను. అలా రాసుకొన్న తేదీలతో మూడు నోటుపుస్తకాలు నిండాయి.

మొదటి సంవత్సరాల్లో ఏ దినోత్సవానికైనా ఆ తేదీనే ఎందుకు ఎంచుకొన్నారో చెప్పడం మీదనే నా దృష్టి ఉండేది. ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవం ఎందుకైందంటే, 1928లో ఆ రోజున చంద్రశేఖర వేంకట రామన్ తన పేరుతో ప్రసిద్ధమైన కాంతి ఫలితాన్ని కనుగొన్నారు. జనవరి 25 ఓటర్ల దినోత్సవం ఎందుకైందంటే, 1950లో గణతంత్ర దినోత్సవానికి సరిగ్గా ఒక రోజు ముందు ఎన్నికల సంఘం ఏర్పడింది. ఏప్రిల్ 24 పంచాయతీరాజ్ దినోత్సవం కావడానికి 1993లో ఆ రోజున అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ కారణం. కారణం తెలిసిన తేదీని పిల్లలు మరిచిపోరని నా నమ్మకం. ఆ నమ్మకం తప్పు కాదు గాని, అంతటితో సరిపోదని నాకు తెలిపినవాడు తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు.

ఆ రోజు మార్చి 22, ప్రపంచ జల దినోత్సవం. 1993 నుంచి ఐక్యరాజ్యసమితి ఈ రోజును పాటిస్తోందని చెప్పి, మనమందరం నీటిని పొదుపుగా వాడాలని ముగించబోతుంటే వాడు చెయ్యెత్తి, “మా చేలోకి వంతు నీరు వచ్చి పది రోజులైందండి. ఇంకేం పొదుపు చెయ్యమంటారండీ మాస్టారూ?” అని అడిగాడు. వాడి గొంతులో ఎగతాళి లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. దాళ్వా, అంటే రెండో పంట వరి, వెన్నులు పాలు పోసుకొనే రోజులవి. గోదావరిలో నీరు తగ్గిపోయి, కాలువలకు వంతులవారీగా వదులుతుంటే, పైచేలు తడిసిన తరువాత గాని శివారు చేలకు నీరు దిగదు. వాళ్ల నాన్న మూడు రాత్రులుగా బోదె (చేలకు నీరు తెచ్చే చిన్న కాలువ) గట్టు మీదనే పడుకొంటున్నాడని తరువాత తెలిసింది. శివారు రైతు కొడుకుకు నీటి పొదుపు గురించి చెప్పినందుకు నేను చాలా బాధపడ్డాను. ఆ మర్నాటి నుంచి ‘నేటి విశేషం’ కింద మరొక పంక్తి చేర్చాను: ‘ఈ రోజు మన ఊళ్లో’. దేశమో ప్రపంచమో నిర్ణయించిన దినోత్సవం మీద మన నేలలో, మన నీటిలో ఆ రోజున ఏం జరుగుతోందో, మనం చేయదగిన పని ఏమిటో అక్కడ రాయాలి.

ఈ రెండో పంక్తి కోసం వెతకడం మొదలుపెట్టిన తరువాతనే, డెల్టాకు అతి ముఖ్యమైన తేదీ ఒకటి మా నల్లబల్ల మీదికి ఎన్నడూ ఎక్కలేదని గ్రహించాను. అది మే 15, 1803లో బ్రిటిష్ ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్ పుట్టిన రోజు. ఎక్కకపోవడానికి కారణం ఒక్కటే, అప్పటికి వేసవి సెలవులు. సెప్టెంబరు 15న మోక్షగుండం విశ్వేశ్వరయ్య జయంతిని దేశమంతా ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకోవడం ఎంతో సముచితం. ఆయన గురించి మా పిల్లలకు బాగా తెలుసు. కాటన్ గురించి మాత్రం ఊరి కూడలిలోని విగ్రహమే తప్ప వివరం తెలిసిన పిల్లలు తక్కువ. 1833 నాటి కరువును, 1839 నాటి కోరింగ తుఫానును చవిచూసిన ఈ నేలను చూసి, 1847లో ధవళేశ్వరం వద్ద ఆనకట్ట పని ప్రారంభించి, వీణెం వీరన్న వంటివారి తోడ్పాటుతో 1852 నాటికి పూర్తి చేసిన మనిషి ఆయన. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా నది మీద నిలిచిన ఆ కట్టడం, తరువాత దాని స్థానంలో వచ్చిన బ్యారేజీ వల్లనే తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు కలిపి ఇవాళ సుమారు 10 లక్షల ఎకరాలు పండుతున్నాయి. నదిలో స్నానం చేసేటప్పుడు సంకల్పంలో ఆయనను కూడా స్మరించే పురోహితులు మా ప్రాంతంలో ఉన్నారు. పరదేశీయుడొకడు అపర భగీరథుడైన సందర్భం తెలుగునేల మీద మరొకటి నాకు కనిపించదు.

నన్ను మరీ ఆలోచింపజేసింది ఆ తేదీ పడే కాలం. మే నెల మధ్యలో కాలువలు కట్టేసి ఉంటాయి. ఏడాదిలో కాలువ అడుగు కంటికి కనిపించే రోజులు అవే. లాకుల తలుపులకు మరమ్మతులు చేయడానికి, పూడిక తీయడానికి, గుర్రపుడెక్క తొలగించడానికి ఉన్న వ్యవధి కూడా అదే. జూన్‌లో నీరు వదిలితే సార్వా (మొదటి పంట) నారుమళ్ల హడావిడి మొదలవుతుంది, ఇక కాలువలో దిగే వీలుండదు. కాటన్ జయంతినాడు విగ్రహానికి పూలమాల వేసే పెద్దలందరి మీదా నాకు గౌరవం ఉంది. అయితే ఆ సాయంత్రానికల్లా ప్రతి ఊరివాళ్లూ తమ బోదెలో ఒక వంద గజాల పూడికైనా తీయగలిగితే, శివారు చేలకు మరుసటి మార్చిలో అందే నీటిలో తేడా కనిపిస్తుందని నేను పూర్తిగా నమ్ముతున్నాను. నా నోటుపుస్తకంలో మే 15 ఎదురుగా రాసుకొన్నది ఆ మాటే.

తేదీల గురించి ఇంకొక సంగతి కూడా చెప్పాలి. మన ఇళ్లలో ఏటేటా జరుపుకొనేవి పంచాంగం ప్రకారం, ఎక్కువగా తిథినిబట్టే నడుస్తాయి. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణం మాఘ శుద్ధ దశమి రాత్రి, రథోత్సవం మర్నాడు భీష్మ ఏకాదశినాడు. అది ఇంగ్లీషు నెలలో ఎన్నో తారీఖు అని ఎవరూ అడగరు. జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు కలిసేది కనుమనాడు. పోయినవారి ఆబ్దికం కూడా తిథినిబట్టే పెడతాం. ప్రభుత్వాలు ప్రకటించే దినోత్సవాలు పల్లెల్లో ఒక ప్రకటనగానే మిగిలిపోవడానికి ఇదొక కారణమని నాకనిపిస్తుంది. తిథికి ఒక విధి ఉంటుంది, ఆ రోజున ఎవరు ఏం చేయాలో ఇంటిల్లిపాదికీ తెలుసు. దినోత్సవానికి ఆ విధి ఏదో మనమే కల్పించుకోవాలి.

కొన్ని తేదీలకు అలా కల్పించుకోవడం సులభమే. జూలై 10 జాతీయ చేప రైతుల దినోత్సవం. 1957లో ఆ రోజున ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, ఆలికున్హి పీయూష గ్రంథి సారాన్ని ఇచ్చి కార్పు చేపల చేత గుడ్లు పెట్టించగలిగారు. అంతకు ముందు చేపపిల్లల కోసం నదుల మీదనే ఆధారపడేవారు. భీమవరం చుట్టుపక్కల చెరువులున్న బంధువుల ఇంటికి వెళ్లివచ్చిన పిల్లలకు ఇది వెంటనే బోధపడేది. ఆగస్టు 7న చేనేత దినోత్సవం అన్నప్పుడు 1905 నాటి స్వదేశీ ఉద్యమంతో పాటు బండారులంక మగ్గాల గురించి చెప్పేవాణ్ణి. సెప్టెంబరు 2 ప్రపంచ కొబ్బరి దినోత్సవమని తెలిసినప్పుడు మాత్రం తరగతి అంతా ఆశ్చర్యపోయింది. కొబ్బరికి కూడా ఒక రోజుంటుందని అంబాజీపేట మార్కెట్టుకు కాయ తోలే ఇళ్ల పిల్లలకే తెలియదు.

అక్టోబరు 16 ప్రపంచ ఆహార దినోత్సవం. 1945లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఏర్పడిన రోజది. ఆ సంస్థ గురించి ఒక వాక్యం చెప్పి, మిగిలిన సమయమంతా డొక్కా సీతమ్మ గారికి ఇచ్చేవాణ్ణి. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరంలో కాపురముండి, 1909లో కన్నుమూసేవరకూ వేళగాని వేళ వచ్చినవారికి కూడా అన్నం వండిపెట్టిన ఇల్లాలు ఆమె. గోదావరి పాయలు దాటి, లంకల మీదుగా వచ్చే బాటసారికి ఆ రోజుల్లో పూటకూళ్ల ఇల్లు ఎక్కడుంటుంది? ఆకలితో వచ్చినవాడి కులం ఆమె అడగలేదని మా పెద్దలు చెప్పేవారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం పాఠశాలల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరు పెట్టినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతింత కాదు.

ఇక నవంబరు. ఈ నెలలోని ఒక తేదీ గురించి రాయాలనే ఈ వ్యాసం మొదలుపెట్టాను.

నవంబరు 5 ప్రపంచ సునామీ అవగాహన దినోత్సవం. 2015లో ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. ఆ తేదీ వెనుక 1854లో జపాన్‌లో జరిగిన సంఘటన ఉంది. సముద్రం పొంగి వస్తోందని గ్రహించిన హమగుచి గోర్యో అనే గ్రామపెద్ద, చీకట్లో దారి తెలియని జనానికి ఎత్తయిన చోటు చూపడం కోసం, అప్పుడే కోసి వేసిన వరి కుప్పలకు నిప్పు పెట్టాడు. ఆ మంటను చూసి ఊరివాళ్లు మెట్టకు చేరి బతికారు. ఈ కథను నేను చెప్పినప్పుడు వరుసలో ఒక్కరు కూడా కదలలేదు. మాకు సార్వా కోతలు దగ్గరపడే రోజులవి. కుప్ప అంటే ఆ ఇంటి ఏడాది తిండి, అప్పు తీర్చే దారి, ఆడపిల్ల పెళ్లి. దానికి చేజేతులా నిప్పు పెట్టడమంటే ఏమిటో మా పిల్లలకు వివరించవలసిన అవసరం లేదు.

ఆ మర్నాడు నవంబరు 6. ఏ క్యాలెండరులోనూ ఆ తేదీకి ఎదురుగా ఏమీ ఉండదు. 1996లో, దీపావళి ఇంకా కొద్ది రోజులుందనగా, ఆ రాత్రి తుఫాను కాకినాడకు దక్షిణంగా తీరం దాటి కోనసీమను ఊడ్చివేసింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. వేటకు వెళ్లిన మత్స్యకారులు చాలామంది తిరిగి రాలేదు. నేను అప్పుడు అమలాపురంలో అద్దె ఇంట్లో ఉండేవాణ్ణి. ఆ గాలి హోరు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తెల్లవారి చూస్తే కొబ్బరితోటలు తలలు తెగి నిలబడి ఉన్నాయి, రోడ్డు ఎక్కడుందో తెలియలేదు. మా ఊళ్లలో ఇప్పటికీ వయసులు చెప్పేటప్పుడు ‘తుఫానుకు ముందు పుట్టాడు’, ‘తుఫాను తరువాత పుట్టింది’ అంటారు. 1986 ఆగస్టు వరదను లంకవాసులు చెప్పుకొన్నట్టే ఇది కూడా జనం పెట్టుకొన్న గుర్తు.

నేను నవంబరు 6ను నల్లబల్ల మీద మొదటిసారి రాసిన రోజున, ప్రార్థన అయ్యాక ఒక అమ్మాయి నా దగ్గరకు వచ్చి, తాతగారి ఆబ్దికం తమ ఇంట్లో ఎలా పెడతారో చెప్పింది. ఆయన వేటకు వెళ్లి తిరిగి రాలేదు, శవం దొరకలేదు. ఏ తిథి అని ఎవరూ చెప్పలేకపోయారు కాబట్టి, ఆయన పడవ ఎక్కిన రోజునే తిథిగా పెట్టుకొన్నారట. ఆ మాట విన్న తరువాత ఆ తేదీని కేవలం రాసి, చదివి వదిలేయడం నా వల్ల కాలేదు.

ఆ సంవత్సరమే తొమ్మిదో తరగతిని వెంటబెట్టుకొని దగ్గరలోని తుఫాను షెల్టరుకు నడిచి వెళ్లాం. పదో నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారనుకొని, ముసలివాళ్లను, పసిపిల్లల తల్లులను ముందు ఎలా చేర్చాలో పిల్లల చేతనే చేయించి చూడాలన్నది నా ఉద్దేశం. షెల్టరుకు తాళం వేసి ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలుసుకోవడానికి గంటంబావు పట్టింది. దాన్ని ఉంచుకొన్న మనిషి ఊరు మారి ఏడాదైందట. తలుపు తీసేసరికి లోపల ఎవరివో ధాన్యం బస్తాలున్నాయి. ఎవరినీ నిందించడానికి ఇది రాయడం లేదు. తుఫాను రానన్ని సంవత్సరాలు ఏ భవనానికైనా అలాగే జరుగుతుంది. అందుకే ఆ తేదీకి విధి ఏమిటో అక్కడే నిర్ణయమైపోయింది: ఏటా నవంబరు 6న తాళం తీయాలి, ఊడవాలి, నీళ్ల ట్యాంకు చూడాలి, ఎవరు ఎవరిని తీసుకురావాలో కాగితం మీద కొత్తగా రాయాలి. తాళంచెవులు మూడు చేయించి మూడు ఇళ్లలో ఉంచాం.

నేను ఉద్యోగ విరమణ చేసి కొన్నేళ్లయింది. ఆ రోజున తాతగారి సంగతి చెప్పిన అమ్మాయి ఇప్పుడు ఆ ప్రాంతంలోనే టీచరు. గత నవంబరు 6 సాయంత్రం ఫోను చేసింది. “తాళం తియ్యడానికి ఈసారి నాలుగు నిమిషాలే పట్టిందండి మాస్టారూ. ట్యాంకు మటుకు చుక్క నీళ్లు లేకుండా ఎండిపోయుందండి. సర్పంచి గారికి చెప్పాం, ఆదివారం లోపు నింపిస్తానన్నారండి. సోమవారం పొద్దున్నే వెళ్లి చూసొచ్చి మీకు మళ్లీ చేస్తానండి” అంది.