మా పాపకి ఫోర్‌హ్యాండ్ నేర్పించిన అనుభవం

మా పాపకి ఆరేళ్లు. ఫోర్‌హ్యాండ్ అంటే రాకెట్ పట్టిన చెయ్యి వైపు వచ్చే బంతిని అరచెయ్యి ముందుకి ఉండేలా కొట్టడం. టెన్నిస్ మొదలుపెట్టినప్పుడే మామూలు పసుపు బంతి ముట్టుకోనివ్వకూడదని గట్టిగా అనుకున్నాను. ఆ బంతి నేలకి తగిలి లేస్తే ఈ వయసు పిల్లల భుజం దాటిపోతుంది, దాన్ని అందుకోవడానికి చెయ్యి పైకెత్తి, మణికట్టు మెలితిప్పి, పట్టు ఇష్టమొచ్చినట్టు మార్చేసుకుంటారు, అదే అలవాటైపోతే మాన్పించడం మహా కష్టం. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2012 నుంచి పదేళ్లలోపు పిల్లల పోటీల్లో ఈ బంతి వాడొద్దన్నది ఊరికే కాదు. చిన్నపిల్లల కోసం చేసే ఎరుపు బంతి దానికంటే సుమారు 75 శాతం నెమ్మది, పాప నడుము ఎత్తులోనే దొరుకుతుంది. రాకెట్ 21 అంగుళాలది కొన్నాం. కోర్టంటే మా అపార్ట్‌మెంట్ కింద ఖాళీ స్థలం, రెండు కుర్చీలకు కట్టిన తాడు.

పట్టు తేలిగ్గానే వచ్చింది, రాకెట్‌కి షేక్‌హ్యాండ్ ఇవ్వమంటే ఇచ్చేసింది. అసలు పనంతా ఎడమ చేతితోనే. పిల్లలు దాన్ని పక్కన వేలాడేస్తారు, దాంతో భుజాలు తిరగవు, ఒక్క కుడి చెయ్యే ఊగుతుంది. అందుకని రాకెట్ మెడని, అంటే పిడికి పైన తలకి కింద ఉండే భాగాన్ని, ఎడమ చేత్తో పట్టుకునే పక్కకి తిరగమన్నాను, అలా తిరిగితే భుజాలు వాటంతటవే వస్తాయి. తర్వాత ఆ చేత్తో వచ్చే బంతిని చూపించాలి, కొట్టాక ఎడమ భుజం పైన రాకెట్‌ని మళ్లీ అదే చేత్తో పట్టుకోవాలి.

"నాన్నా, కొట్టేది ఈ చెయ్యి కదా, దాంతో ఏం పని?" అంది.

"అది తీసుకెళ్లి ఇస్తుంది, ఇది కొడుతుందిరా" అన్నాను. ఆ మాట బాగా పట్టేసింది, తనే "ఇచ్చేశా, కొట్టేశా" అనుకుంటూ ఆడేది.

బంతిని నేనే పక్కన నిలబడి వదిలేవాణ్ణి. కుడివైపుకి పోతోందంటే ఆలస్యంగా, ఒంటి పక్కకొచ్చేశాక కొడుతోందని అర్థం. ముందు పాదానికి కొంచెం అవతల చాక్‌పీసుతో గుండ్రంగా గీసి, దాని మీద బంతి ఉండగానే తగిలించమన్నాను. నెమ్మదిగా బంతులు తాడు మీదుగా తిన్నగా వెళ్లడం మొదలైంది. అది చూస్తే ఎంత సంతోషమేసిందో!

నా సలహా అడిగితే, ఒక పూటకి ఒకే విషయం చెప్పండి. పాదాలు, మోకాళ్లు, మణికట్టు అన్నీ ఒకేసారి చెప్తే పిల్లలు బిగుసుకుపోతారు. టాప్‌స్పిన్, అంటే బంతి ముందుకి గిర్రున తిరిగేలా కొట్టడం, దాని జోలికి ఇప్పుడే వెళ్లొద్దు, రాకెట్ కిందనుంచి పైకి వస్తే ఇప్పటికి చాలు. కదులుతూ కూడా ఇలాగే కొట్టగలిగితే అప్పుడు ఎరుపు దానికంటే కొంచెం వేగంగా వెళ్లే ఆరెంజ్ బంతికి మారతాం.